జిరాయితీయా, కంబత్తమా?

విజయనగరం పాత ప్లీడర్ల ప్రస్తావన వస్తే ముందుగా వాళ్ల ఇంగ్లీషునే మెచ్చుకుంటారు. ఆ మెప్పు ఊరికే రాలేదు. 1862లో మద్రాసు హైకోర్టు వచ్చాక అప్పీలు అక్కడ నిలబడాలంటే ఇంగ్లీషు రావాల్సిందే. కానీ భూమి దావా గెలుపోటములు తేలింది ఎక్కువగా తెలుగు మాట దగ్గరే. 1908 నాటి మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టమే ఇందుకు సాక్ష్యం. రైతు సాగులో ఉన్న జిరాయితీ భూమిపై అతనికి శాశ్వత హక్కు వచ్చింది. జమీందారు సొంత సేద్యపు నేల మీద రాలేదు. ఆ సొంత నేల ఏదో చెప్పడానికి ఇంగ్లీషు చట్టం కూడా ‘కంబత్తం’ అనే దేశీ మాటనే వాడుకుంది. విజయనగరం జమీందార్లైన పూసపాటివారి ఎస్టేటులో ఒక గరువు భూమి జిరాయితీయా, కంబత్తమా అన్నది తేలితే దావా సగం తేలినట్టే. అది తేల్చాల్సింది ఊరి లెక్కలు, శిస్తు రసీదులు, సాక్షి నోటి మాట. ‘తాతల్నాటినుంచీ దున్నుకుంటన్నాం బాబూ’ అని రైతు అంటే, ఇంగ్లీషులో దాన్ని ఉత్త సాగు అని రాయవచ్చు, స్వాధీనం అనీ రాయవచ్చు. మొదటిది కూలివాడికీ వర్తిస్తుంది. రెండోదే హక్కుకు ఆధారం.

కోర్టులో తర్జుమాదారు ఉండగా, ఆ మాట ఇంగ్లీషులోకి సరిగ్గా వెళ్లేలా చూసే పని వకీలుదెందుకు అని అడగవచ్చు. తర్జుమాదారు మాటను మారుస్తాడు గానీ, ఆ మాట మీద ఏ హక్కు ఆధారపడిందో చూడడం అతని పని కాదు. 1908 సివిల్ ప్రొసీజర్ కోడు 137వ సెక్షను సాక్ష్యం తప్ప మిగతా రాతలు ఇంగ్లీషులో ఉండవచ్చంది. ఇంగ్లీషు రాని కక్షిదారు అడిగితే తర్జుమా ఇవ్వాలంది. 138వ సెక్షను కింద హైకోర్టు ఆదేశిస్తే సాక్ష్యాన్నీ ఇంగ్లీషులోనే రాసుకోవచ్చు. అప్పుడు సాక్షి చెప్పిందొకటి, కాగితం మీద పడిందొకటి అయితే, అక్కడికక్కడే లేచి అడ్డు చెప్పగలిగేది రెండు భాషలూ తెలిసిన వకీలే. ఈ పనికి దక్కాల్సిన గౌరవం మనం ఇవ్వలేదు.

రెండు భాషలు తెలిసినవాళ్లే పల్లెవాళ్లను దోచుకున్నారు కదా అన్న అభ్యంతరం ఇంకా బలమైనది. 1897లో అచ్చయిన కన్యాశుల్కం నిండా దావాల పిచ్చి, ప్లీడర్లు, ప్రైవేటు వకీళ్లు ఉన్నారు. గురజాడకు ఆ లోకం దూరంనుంచి తెలిసింది కాదు; విజయనగరం మహారాజు ఆనంద గజపతి మరణించాక ఆయన సోదరి, రీవా మహారాణి అప్పలకొండమాంబ దగ్గర కార్యదర్శిగా ఉండి సంస్థానపు వారసత్వ వ్యాజ్యం పనులు ఆయనే చూశారు. అయినా ఆ నాటకంలోనే మంచివాడైన సౌజన్యారావు పంతులూ వకీలే. దోపిడీకి మూలం, కక్షిదారు తన కాగితం తాను చదువుకోలేకపోవడం. వకీలుకు రెండో భాష రాకపోతే ఆ కష్టం తీరదు, రెట్టింపవుతుంది. ఈ అవసరం జమీందారీతోనే ముగిసిపోలేదు కూడా. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీ పోయినా, సొంత భూములకు పట్టా కోరే హక్కు జమీందార్లకు మిగిలింది. దాంతో కంబత్తం తగువు సెటిల్‌మెంటు ఆఫీసరు ముందు మళ్లీ మొదలైంది.