ఒకే మాట, రెండు వేషాలు

ఇంగ్లీషు మాటను పట్టుకుని "నువ్వు నామవాచకానివా, క్రియవా?" అని నిలదీస్తే చాలా మాటలు తెల్లమొహం వేస్తాయి. వాక్యంలో ఎక్కడ కూచోబెడితే అక్కడి పని చేస్తాం, అంతేగా అంటాయి. పూర్వం నాటక సమాజాల్లో మొదటి అంకంలో మంత్రిగా వచ్చినవాడే మూడో అంకంలో ముసలమ్మ వేషం కట్టేవాడు చూడండి, అలాగన్నమాట.

మా వీధిలో ఒకమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉండగా "షి వాటర్డ్ ది ప్లాంట్స్" అని రాసింది. మేష్టారు ఎర్రసిరాతో కొట్టేసి, వాటర్ నామవాచకం, దాన్ని క్రియగా వాడరాదని పక్కన రాశారు. ఆ పిల్ల బుద్ధిమంతురాలు. ఆ తరవాత సొంతంగా వాక్యం రాయడమే మానేసింది. గైడులో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పడం నేర్చుకుంది. మార్కులూ బాగానే వచ్చాయి! కొట్టేసిన ఆ క్రియకు వెయ్యేళ్ళు దాటాయని మాత్రం ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు.

వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో మన తెలుగులోలాగే మాటల చివర తోకలుండేవి. నీళ్ళు 'వ్యాటర్', నీళ్ళు పోయడం 'వ్యాటరియన్'. ప్రేమ 'లువు', ప్రేమించడం 'లువియన్'. జవాబు 'అండ్‌స్వరు', జవాబు చెప్పడం 'అండ్‌స్వరియన్'. తోకను చూస్తే చాలు, ఏది పేరో ఏది పనో తెలిసిపోయేది.

ఆ తోకలు రాలిపోవడానికి కారణం ఒక్కటి కాదు. మాట మొదట్లో ఒత్తి పలికే అలవాటు వల్ల చివరి అక్షరాలు నీరసించాయి. దానికి తోడు 9, 10 శతాబ్దాల్లో డెన్మార్కు, నార్వేల నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళ భాషలో మాటలు ఇంచుమించు అవే, తోకలు వేరు. సంతలో బేరమాడుకునేవాళ్ళకు తోకలతో పనేముంది? 1066లో నార్మన్లు గెలిచాక రాజుగారి కొలువులో ఫ్రెంచి చేరింది. ఇంగ్లీషు పొలాలకూ వంటిళ్ళకూ మిగిలింది. తప్పులు దిద్దే పంతుళ్ళు లేని చోట భాష తన ఇష్టం వచ్చినట్టు నడిచింది. 1400లో చాసర్ కవి కన్నుమూసేనాటికి క్రియ చివరి 'అన్' కాస్తా అరిగిపోయి 'ఎన్'గా, 'ఎ'గా మిగిలింది. ఇంకో నూరేళ్ళకు అదీ నోట్లోంచి జారిపోయింది. 'లువు', 'లువియన్' రెండూ 'లవ్' అయి కూచున్నాయి. అన్నట్టు, మనవాళ్ళు 'లవ్వు' అంటూ ఊడిపోయిన ఆ ఉకారాన్ని తెలియకుండానే మళ్ళీ అతికించారు!

తోక పోయింది గనక, మాట నిలుచున్న చోటే దాని గుర్తయింది. కవులకు ఇక పండగే. షేక్‌స్పియర్ 'కొరియొలేనస్' నాటకంలో మోకాలినీ, దేవుణ్ణీ కూడా క్రియలు చేసేశాడు. రికార్డు, రెబెల్ లాంటి కొన్ని మాటలు మాత్రం పేరయితే మొదట, పనయితే చివర ఒత్తి పలకమన్నాయి. 1570లో పీటర్ లెవిన్స్ వేసిన ప్రాసల నిఘంటువులో ఇలాంటి జంటలు మూడే. ఇవాళ నూటికి పైమాటే.

ఎర్రసిరా పెత్తనం 18వ శతాబ్దంలో పెరిగింది. లాటిను వ్యాకరణం గళ్ళలో ఇంగ్లీషును సర్దాలని పండితులు నడుం కట్టారు. 1789 డిసెంబరులో, 83 ఏళ్ళ వయసులో, బెంజమిన్ ఫ్రాంక్లిన్ నిఘంటుకారుడు నోవా వెబ్‌స్టర్‌కు ఉత్తరం రాశాడు. నోటీస్, అడ్వొకేట్, ప్రోగ్రెస్ అనే నామవాచకాలను జనం క్రియలుగా వాడేస్తున్నారు, మీరైనా కాదనండి అని దాని సారాంశం. జనం వినలేదనుకోండి. ఆ మూడూ ఇవాళ నిక్షేపంగా క్రియలే. 1795లో లిండ్లీ మరే యార్కు పట్నంలో ఆడపిల్లల బడి కోసం రాసిన వ్యాకరణం దేశదేశాలకూ పాకింది. ఆ వరసలోనే మన చేతికి రెన్, మార్టిన్‌ల పుస్తకం వచ్చింది. ఆ పుస్తకం మీద నేరం మోపడం అన్యాయం. మాట ఏ జాతిదో అది చేసే పనిని బట్టి తేల్చుకోమని అందులో స్పష్టంగానే ఉంది. మన తరగతి గదుల్లో మాత్రం నామవాచకం అంటే పేరు అన్న మొదటి పేజీ దాటినవాళ్ళు తక్కువ.

నన్నడిగితే ఈ పాఠం వంటింట్లో మొదలుపెట్టమంటాను. 'సాల్ట్' క్రియ అయితే ఉప్పు వేయడం. 'పీల్' క్రియ అయితే తొక్క వేయడం కాదు, తీయడం! 'డస్ట్' మరీ గడుసుది. బల్ల మీద దుమ్ము దులిపినా అదే, అప్పడాల పిండి మీద పొడి పిండి చల్లినా అదే. దీనికి సూత్రం లేదు. ఆ వస్తువుతో మనుషులు ఏం చేస్తారో తెలిసిన పిల్లకు అర్థమూ తెలుస్తుంది. పైగా మనకీ సంగతి కొత్తేం కాదు. "ఆ నవ్వు చూడు" అంటే పేరు, "కాస్త నవ్వు తల్లీ" అంటే పని. కుట్టు, తన్ను, గుద్దు కూడా ఈ బాపతే. కాకపోతే మన క్రియకు తోక లేనిదే పూట గడవదు. పోశాను, పోశావు, పోసింది... ఎవరు పోసిందీ తోకే చెబుతుంది. ఇంగ్లీషులో ఆ పని మాట చోటు చేస్తుందని ఒక్కసారి చెబితే, ఏ పిల్లయినా పట్టుకుంటుంది.

2006లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు 'గూగుల్'ను క్రియగా చేర్చుకుంది. ఇంగ్లీషువాళ్ళకు ఆ కంపెనీ పేరు ఉన్నపళంగా పనికొచ్చేసింది. మనవాళ్ళు దాని పక్కన యథాప్రకారం ఒక పీట వేసి, "గూగుల్ చేశాను" అన్నారు, ఫోను చేసినట్టూ, వంట చేసినట్టూ.