బస్తర్ వాద్యాలకు ఉమ్మడి వేదిక: అనూప్ రంజన్ పాండే ప్రస్థానం

ఛత్తీస్‌గఢ్‌కు చెందిన రంగస్థల, జానపద సంగీత కళాకారుడు అనూప్ రంజన్ పాండే ‘బస్తర్ బ్యాండ్’ వ్యవస్థాపకుడు. బస్తర్ అడవుల్లో వేర్వేరు ఆదివాసీ సమూహాల వద్ద విడివిడిగా ఉన్న పాటలను, వాద్యాలను ఒకే బృందంగా కూర్చి బయటి ప్రపంచానికి వినిపించడం ఆయన చేసిన ప్రధాన కృషి. 2019లో కేంద్ర ప్రభుత్వం ఆయనకు కళారంగంలో పద్మశ్రీ పురస్కారం ప్రకటించింది.

రంగస్థలం నుంచి సంగీతానికి

పాండే బిలాస్‌పూర్‌కు చెందినవారు. అది ఛత్తీస్‌గఢీ వ్యవహారంలో ఉన్న మైదాన ప్రాంతం. బస్తర్ మాత్రం రాష్ట్రానికి దక్షిణపు కొసన ఉంది. ఒకప్పటి ఉమ్మడి బస్తర్ జిల్లా విస్తీర్ణంలో కేరళ రాష్ట్రం కంటే పెద్దది. నేడు అది బస్తర్, కాంకేర్, కొండగావ్, నారాయణ్‌పూర్, దంతేవాడ, బీజాపూర్, సుక్మా అనే ఏడు జిల్లాలుగా ఉంది. కాబట్టి బస్తర్ సంగీతం పాండేకు పుట్టుకతో వచ్చిన వారసత్వం కాదు. బయటి నుంచి వెళ్లి తెలుసుకున్న విద్య అది.

ప్రఖ్యాత నాటకకర్త హబీబ్ తన్వీర్ (1923–2009) నడిపిన ‘నయా థియేటర్’లో ఆయన పనిచేశారు. 1959లో ఏర్పడిన ఆ సంస్థ గ్రామీణ ‘నాచా’ కళాకారులను వారి సొంత భాషతో, సొంత పాటలతోనే నగర వేదికల మీదికి తెచ్చింది. 1975 నాటి ‘చరణ్‌దాస్ చోర్’ నాటకానికి 1982లో ఎడిన్‌బరో ఫ్రింజ్ ఉత్సవంలో పురస్కారం లభించింది. కళాకారుడి తీరును మార్చకుండా అతడికి కొత్త వేదిక కల్పించడం తన్వీర్ పద్ధతి. బస్తర్ బ్యాండ్ నిర్మాణంలోనూ ఆ పద్ధతి ఛాయలు కనిపిస్తాయి.

బృందం, వాద్యాలు

మురియా, దండామి మరియా, ధుర్వా, దోర్లా, భత్రా, హల్బా తదితర సమూహాల స్త్రీ పురుషులు ఈ బృందంలో పాల్గొంటారు. కనుమరుగవుతున్న వాద్యాలను సేకరించి, వాటిని వాయించగలవారిని వెతికి వేదికపైకి తీసుకురావడం పాండే కృషిలో ముఖ్యభాగం.

బస్తర్‌లో ప్రతి వాద్యానికీ ఒక సందర్భం ఉంది. మాందరి మురియాల నృత్యానికి తోడుండే రెండు ముఖాల మద్దెల. మోహరి మన సన్నాయిని పోలినది. తిర్‌దుడ్డి ఇనుప గజ్జెలు అమర్చిన కర్ర. నాట్యమాడుతూ స్త్రీలు దానిని నేలకు తాటిస్తారు. ధన్‌కుల్ తయారీకి కుండ, చేట, విల్లు చాలు. కుండ మూతిపై చేటను బోర్లించి, దానిపై వింటి కొసను ఆనించి, వింటి గాట్లపై వెదురు పుల్లతో రాస్తూ ‘గురుమాయ్’లనే గాయనులు ‘జగార్’ గాథలను రోజుల తరబడి గానం చేస్తారు.

మురియాల నమ్మకం ప్రకారం సంగీతానికి ఆదిగురువు లింగో దేవుడు. ఆయన 18 వాద్యాలను ఒకేసారి వాయించగల నేర్పరి. వెరియర్ ఎల్విన్ 1947లో ప్రచురించిన ‘ది మురియా అండ్ దెయిర్ ఘోటుల్’ గ్రంథం ఈ సంప్రదాయాన్ని విస్తారంగా నమోదు చేసింది. యువతీ యువకులు పాట, ఆట నేర్చుకునే ఘోటుళ్లు తగ్గిపోవడంతో ఈ విద్య తరం నుంచి తరానికి అందే దారి కూడా ఇరుకైంది.

తెలుగు నేలతో బంధం

ఈ సంగీతం తెలుగువారికి పూర్తిగా పరాయిది కాదు. గోండీలోనూ పాటను ‘పాట’ అనే అంటారు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి వర్గీకరణలో తెలుగు, గోండీ రెండూ దక్షిణ-మధ్య ద్రావిడ శాఖకు చెందుతాయి. ధుర్వాల పర్జీ మధ్య ద్రావిడ భాష కాగా, హల్బీ, భత్రీ ఇండో-ఆర్య భాషలు. సుక్మా, బీజాపూర్ జిల్లాల్లోని దోర్లాల మాటపై తెలుగు ప్రభావం బలంగా ఉంది. ఇన్ని భాషలవారిని ఒకే బృందంలో నడపడం సంగీతానికే పరిమితమైన పని కాదు.

2005లో సల్వాజుడుం మొదలైన తర్వాత చెలరేగిన హింసలో వేలాది ఆదివాసీలు ఊళ్లు విడిచి నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం అడవులకు వలస వచ్చారు. ఊరు ఖాళీ అయినచోట జాతర ఆగిపోతుంది. జాతర లేనిచోట దానితో ముడిపడిన వాద్యానికి పని ఉండదు.

తేలని హక్కుల ప్రశ్న

వీధిలోనో అడవిలోనో పుట్టిన సంగీతం బయటికి రావాలంటే నిర్వాహకుడు కావాలి. 1984లో న్యూయార్క్‌లో రిక్ రూబిన్, రస్సెల్ సిమన్స్ నెలకొల్పిన డెఫ్ జామ్ సంస్థ హిప్‌హాప్‌ను పరిశ్రమగా మలచడంలో అటువంటి పాత్రే పోషించింది. అయితే అక్కడ పాట రాసిందెవరో, పాడిందెవరో రికార్డు మీద ఉంటుంది. బస్తర్ పాటకు కర్త ఒక్కరు కాదు, ఊరంతా. అందువల్ల కాపీరైట్ చట్టం కింద రచయిత హక్కును ఆ సమూహం పొందడం కష్టం.

పాడినవారికి, వాయించినవారికి మాత్రం చట్టంలో చోటుంది. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 38వ సెక్షన్ ప్రదర్శకుల హక్కును 50 ఏళ్లపాటు గుర్తిస్తుంది. ప్రదర్శనను వాణిజ్యపరంగా వాడుకుంటే రాయల్టీకి వారు అర్హులని 2012 సవరణ స్పష్టం చేసింది. కానీ రికార్డింగ్‌లో వాద్యకారుడి పేరు నమోదు కాకపోతే ఆ హక్కు కాగితానికే పరిమితమవుతుంది. బస్తర్ ఢోక్రా లోహశిల్పానికి భౌగోళిక గుర్తింపు దక్కింది; అక్కడి పాటకు ఆ స్థాయి రక్షణ లేదు.

రోజుల తరబడి సాగే జగార్ గానం వేదిక మీద కొద్ది నిమిషాలకు కుదించుకుపోతుంది. ఇది బస్తర్ బ్యాండ్ వంటి ప్రయత్నాలన్నిటికీ ఉన్న పరిమితి. మరోవైపు, వాయించే సందర్భమే కరవైన వాద్యాలకు ఆ కొద్ది నిమిషాలే ఆధారం. పాండే కూర్చిన వేదిక వాటికి శ్రోతలను తెచ్చిపెట్టింది. ప్రతి ప్రదర్శనలోనూ ఏ పాట ఏ సమూహానిదో, ఏ భాషదో, ఎవరు పాడారో నమోదు చేయడం ఇకపై నిర్వాహకులు, రికార్డింగ్ సంస్థలు చేపట్టవలసిన పని.