మిగిలితేనే సీటు

1972 ఏప్రిల్ 28 ఉదయం అమెరికా వినియోగదారుల హక్కుల ఉద్యమకారుడు రాల్ఫ్ నాడర్ వాషింగ్టన్ విమానాశ్రయానికి చేరేసరికి ఆయన ఎక్కాల్సిన అలెగెనీ ఎయిర్‌లైన్స్ విమానం బయల్దేరడానికి ఐదు నిమిషాలే ఉంది. టికెట్ చేతిలో ఉంది, సీటు ఖాయమైంది, మధ్యాహ్నం పన్నెండింటికి హార్ట్‌ఫర్డ్‌లో సభ ఉంది. సీట్లన్నీ నిండిపోయాయని, ఆయనకన్నా కాస్త ముందు వచ్చినవాళ్లకే చోటు దొరకలేదని సిబ్బంది చెప్పారు. నాడర్ రెండు కోరికలు కోరారు. స్టాండ్‌బై వాళ్లను, అంటే సీటు మిగిలితేనే ఎక్కాల్సినవాళ్లను, ఎవరినైనా పొరపాటున ఎక్కించారేమో చూడమన్నారు. లోపల కూర్చున్నవాళ్లలో ఎవరైనా ఇష్టపడి దిగుతారేమో కనుక్కోమన్నారు. రెండూ కుదరవన్నారు.

కార్ల కంపెనీలతోనే తలపడిన మనిషి ఊరుకుంటారా? కోర్టుకెక్కారు. ఉన్న సీట్లకు మించి టికెట్లు అమ్ముతున్న సంగతి దాచిపెట్టడం మోసమన్నది ఆయన వాదన. విమానయానంపై అజమాయిషీకి ప్రత్యేక బోర్డు ఉన్నంత మాత్రాన ఇలాంటి దావాను ఆపనక్కర్లేదని 1976లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. 1972లో ఆ దేశపు విమానాల్లో ప్రతి 10,000 మందికి సగటున 5.4 మంది సీటు ఖాయమయ్యాక కూడా నేలమీదే ఉండిపోయారని ఆ తీర్పులో నమోదైంది.

విమాన సంస్థల వాదననూ కొట్టిపారేయలేం. అప్పట్లో సీటు బుక్ చేసుకుని రాకపోయినా ప్రయాణికుడికి నష్టం ఉండేది కాదు, డబ్బు వెనక్కి వచ్చేది. ఒకే రోజు మూడు విమానాల్లో సీట్లు పట్టుకుని ఒకదాంట్లో వెళ్లే వ్యాపారులుండేవారు. ఎగిరిపోయిన విమానంలోని ఖాళీ సీటును మళ్లీ అమ్ముకోలేరు కాబట్టి, రానివాళ్లెందరో అంచనా వేసి అన్ని టికెట్లు అదనంగా అమ్మేవారు. అంచనా తప్పినప్పుడే గేటు దగ్గర గొడవ.

ఆ గొడవకు మందు జూలియన్ సైమన్ అనే ఆర్థికవేత్త 1968లోనే రాసిపెట్టాడు. దిగిపోవడానికి ఎంత తీసుకుంటారో ప్రయాణికులనే అడగండి, తక్కువ అడిగినవాళ్లకు ఆ సొమ్మిచ్చి తర్వాతి విమానంలో పంపండి అన్నాడు. విమాన సంస్థలు పట్టించుకోలేదు. పదేళ్లకు, ఆల్ఫ్రెడ్ కాన్ అనే మరో ఆర్థికవేత్త విమానయాన బోర్డుకు అధ్యక్షుడిగా ఉన్నప్పుడు, ముందు స్వచ్ఛందంగా దిగేవాళ్లను వెతకాలన్నది నియమమైంది. నాడర్ గేటు దగ్గర అడిగిన రెండో కోరిక అలా చట్టంలోకి వచ్చింది.

మొదటి కోరిక సంగతి? స్టాండ్‌బై వాళ్లంటే అప్పట్లో రకరకాల మనుషులు. సగం ధరకు ఎక్కే విద్యార్థులుండేవారు, సెలవు మీద ఇంటికెళ్లే సైనికులుండేవారు. కాలక్రమంలో ఆ రాయితీలు పోయాయి. అన్ని కాలాల్లోనూ ఆ జాబితాలో నిలిచినవాళ్లు మాత్రం విమాన సంస్థ ఉద్యోగులు, వాళ్ల కుటుంబాలు. విమానాన్ని నడిపించేదీ, సామాను ఎక్కించేదీ, టికెట్ కోసేదీ వాళ్లే. తాము ప్రయాణించాలంటే మాత్రం పెళ్లిలో వడ్డించేవాళ్లలా చివరి బంతి దాకా ఆగాలి.

ఉద్యోగులకు పాసు మీద ఉచితంగా ప్రయాణించే ఈ సదుపాయం రైళ్ల నుంచి వచ్చింది. అమెరికా రైల్వేలు రాజకీయ నాయకులకు, పలుకుబడి ఉన్నవాళ్లకు ఉచిత పాసులు పంచిపెట్టి దుర్వినియోగం చేస్తుంటే 1906 నాటి హెప్‌బర్న్ చట్టం వాటిని కట్టడి చేసింది, ఉద్యోగులకూ వాళ్ల కుటుంబాలకూ మినహాయింపునిచ్చింది. 1938 నాటి పౌర విమానయాన చట్టం అదే మినహాయింపును ఆకాశానికి వర్తింపజేసింది. 1970ల మొదట్లో అమెరికా విమానాల్లో సగటున సగం సీట్లే నిండేవి. పాసున్న ఉద్యోగి వారాంతంలో పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లి ధైర్యంగా గేటు దగ్గర నిలబడగలిగేవాడు. జీతం కాస్త తక్కువైనా ఆ కొలువు వదలకపోవడానికి ఈ పాసు పెద్ద కారణం.

1978లో టికెట్ ధరల మీదా, మార్గాల మీదా ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశారు. ధరలు తగ్గాయి, జనం పెరిగారు, ఏ సీటు ఏ రోజు ఎంతకు అమ్మాలో కంప్యూటర్లు లెక్కగట్టడం మొదలైంది. 2010ల నాటికి నూటికి ఎనభైకి పైగా సీట్లు నిండుతున్నాయి. ఇది సగటు మాత్రమే, పండగ రోజుల్లో ఒక్క సీటూ మిగలదు. ఈలోగా 1984 నాటి పన్నుల చట్టం ఒక మెలిక పెట్టింది. సంస్థకు అదనపు ఖర్చు, ఆదాయ నష్టం లేకుండా ఇచ్చే సేవ అయితేనే ఉద్యోగికి దాని మీద పన్ను పడదు. ఎవరూ కొనని సీటు ఇస్తే పన్ను లేదు. సీటు ముందే కేటాయిస్తే అది జీతం కిందికి వస్తుంది. నిరీక్షణ అలా పాసులో శాశ్వత భాగమైపోయింది. జీతానికి బదులుగా ఇచ్చినదాని విలువ ఏటా కరిగిపోతున్నా, దాన్ని సంస్థ చూపే దయగానే లెక్కగట్టడం అన్యాయం.

ఎవరు ముందు అన్న ప్రశ్న మీద ఉద్యోగుల్లో వాదన తెగదు. యూఎస్ ఎయిర్‌వేస్‌లో సర్వీసు ఎక్కువున్నవాళ్లకు ముందు సీటు దక్కేది. అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో ముందు చెక్-ఇన్ చేసినవాళ్లకు ముందు. 2013 చివర్లో ఆ రెండూ విలీనమయ్యాక అమెరికన్ పద్ధతే నిలిచింది. ముప్పై ఏళ్లు పనిచేసినవాళ్లకు ఆ మార్పు ఎంత కష్టంగా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు.

2017 వసంతంలో ఈ లోపలి ప్రపంచం ఒక్కసారిగా బయటపడింది. మార్చి 26న డెన్వర్‌లో పాసు మీద వెళ్తున్న ఇద్దరు అమ్మాయిలను లెగ్గింగ్స్ వేసుకున్నారని యునైటెడ్ సంస్థ విమానం ఎక్కనివ్వలేదు. పాసు మీద వెళ్లేవాళ్లకు దుస్తుల నియమాలు ఉంటాయని చాలామందికి అప్పుడే తెలిసింది. రెండు వారాలకు, ఏప్రిల్ 9న, షికాగో నుంచి లూయివిల్ వెళ్లే యునైటెడ్ ఎక్స్‌ప్రెస్ 3411లో ప్రయాణికులంతా కూర్చున్నాక నలుగురు సిబ్బందికి సీట్లు కావాలన్నారు. 800 డాలర్లిస్తామన్నా ఎవరూ లేవలేదు. చివరికి ఒక వృద్ధ వైద్యుణ్ణి భద్రతాధికారులు సీట్లోంచి లాగి, రక్తం కారుతుండగా ఈడ్చుకెళ్లారు.

ఆ విమానంలో టికెట్లు అదనంగా అమ్మలేదని సంస్థే తర్వాత చెప్పింది. ఆ నలుగురూ విహారానికి వెళ్తున్న స్టాండ్‌బై ఉద్యోగులు కారు. లూయివిల్ నుంచి మరో విమానం నడపడానికి డ్యూటీ మీద వెళ్తున్నవాళ్లు. ఈ తేడా తెలియక, ఉద్యోగులు మన సీట్లు లాక్కుంటున్నారని లోకం నమ్మింది. నిజానికి సొంత పని మీద వెళ్లే ఉద్యోగి కోసం టికెట్ కొన్నవాళ్లను దించరు. దిగాల్సి వస్తే ముందు దిగేది అతనే. యునైటెడ్ వెంటనే నియమాలు మార్చింది. డ్యూటీ మీద వెళ్లే సిబ్బందికి కనీసం గంట ముందే సీట్లు ఖరారు కావాలంది, ఇష్టపడి దిగేవాళ్లకు 10,000 డాలర్ల దాకా ఇస్తామంది. ఎక్కి కూర్చున్న ప్రయాణికుణ్ణి సీటు చాలలేదని దించకూడదని 2018లో చట్టమే వచ్చింది.

మన దేశంలోనూ ముందు ఇష్టపడి దిగేవాళ్లను అడగాలి, దొరక్కపోతే పరిహారమివ్వాలి అన్న నియమం ఉంది. 2022 జూన్‌లో బెంగళూరు, హైదరాబాద్, ఢిల్లీలలో తనిఖీలు చేసిన పౌర విమానయాన డైరెక్టరేట్, ఆ పరిహారం ఎగ్గొట్టినందుకు ఎయిర్ ఇండియాకు రూ.10 లక్షల జరిమానా వేసింది.

ఉద్యోగుల స్టాండ్‌బై బాధ విహారయాత్రలతో అయిపోదు. ఒక ఊళ్లో కాపురం, మరో ఊళ్లో డ్యూటీ ఉన్న పైలట్లు, విమాన సహాయకులు అమెరికాలో వేలల్లో ఉన్నారు. పనికి చేరడానికీ వాళ్లు ఖాళీ సీటు మీదే ఆధారపడాలి. ముందు రోజే బయల్దేరి, నలుగురైదుగురు కలిసి అద్దెకు తీసుకున్న గదిలో ఒక రాత్రి నిద్రపోయి, తెల్లారి యూనిఫాం వేసుకుంటారు. అందుకే ఈ విషయంలో ఉద్యోగ సంఘాలు పట్టుబట్టాయి. సీట్లున్న ఒక విమానం, అది తప్పితే మరొకటి ముందే చూసుకుని, రెండింటికీ ప్రయత్నించినా చోటు దొరకని ఉద్యోగిని డ్యూటీకి రాలేదని శిక్షించకూడదన్న షరతును చాలా ఒప్పందాల్లో రాయించుకున్నాయి.