కూనవరం: రెండు నదుల నడుమ మన వరద చరిత్ర

శబరి వచ్చి గోదావరిలో కలిసే చోట ఉంది మన కూనవరం. కోయలం, కొండరెడ్లం తరతరాలుగా ఈ నదుల ఒడ్డునే బతుకుతున్నాం. పంట పండించేదీ, ఇల్లు ముంచేదీ ఈ నీళ్లే.

ఇక్కడ వరద ఎగువ నుంచే కాదు, దిగువ నుంచీ వస్తుంది. పాపికొండల మధ్య గోదావరి ఇరుకవుతుంది. పెద్ద వరద అక్కడ త్వరగా దిగలేక వెనక్కి తంతుంది. ఆ ఎగపోటుకు శబరి నీళ్లు గోదావరిలో కలవలేక చింతూరు వైపు ఊళ్లనూ ముంచుతాయి. మన దగ్గర చినుకు పడకపోయినా, పైన కురిసిన వాన చాలు.

1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు చేరింది. మళ్లీ 2022 జూలైలో 71.3 అడుగులు. మధ్యలో 36 ఏళ్లు. ఆ తరం కళ్లారా చూసినది ఈ తరానికి కథగానే మిగిలింది. భద్రాచలం దగ్గర 43, 48, 53 అడుగులకు మూడు ప్రమాద హెచ్చరికలు ఇస్తారు. ఈ అంకెలు మనందరికీ నోటికి రావాలి.

2014లో మన మండలం ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. పైగా పోలవరం ముంపు మన ముందుంది. రేపు ఊరు ఖాళీ చేస్తే గోడలతో పాటు నీటి గుర్తులూ పోతాయి.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇంట్లో పెద్దలను అడగండి: 1986లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి? ఏ గుట్ట ఎక్కారు? పశువులను ఎలా కాపాడుకున్నారు? విన్నది రాసిపెట్టండి. రేపటి వరదకు అదే మన మొదటి హెచ్చరిక.