అచ్చం మనిషిలా ఉంటే కళ అవుతుందా? కృష్ణనగర్ మట్టి మనుషుల చరిత్ర

ఈసారి వ్యాసం ఒక అవమానంతో మొదలవుతుంది. పోయిన ఏడాది హైదరాబాద్‌లో ఒక ప్రదర్శనశాలకు వెళ్లాను. ఒక మూల తలపాగా చుట్టుకున్న పెద్దాయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. దారికి అడ్డంగా ఉన్నాడని "తాతా, కొంచెం జరుగుతావా" అన్నాను. ఆయన జరగలేదు. అది బొమ్మ. మెడ మీద ముడతలు, మోచేతి దగ్గర నల్లబడ్డ చర్మం, అన్నీ ఉన్నాయి. ప్రాణం ఒక్కటే లేదు.

నా రూమ్మేట్ పగలబడి నవ్వి, తర్వాత ఒక మాట అన్నాడు: "పనితనం బాగుందిరా. కానీ ఇది ఆర్ట్ కాదు. మట్టితో తీసిన ఫొటో." రూముకు చేరేదాకా వాదించుకున్నాం. మెకానికల్ ఇంజనీరింగ్ చదివిన నా దగ్గర ఆ రోజు సరైన జవాబు లేదు. తర్వాత జీఎస్ మొదటి పేపర్ కోసం ఆధునిక భారతీయ కళ చదువుతుంటే తెలిసింది, మా వాదన కొత్తదేమీ కాదని. వలస పాలన కాలంలో ఇదే వాదన కొన్ని వందల కుటుంబాల పేరును, స్థానాన్ని నిర్ణయించింది.

పోలిక మనకు పరాయిదా?

భారతీయ కళ ఆదర్శాన్ని చూపిస్తుంది, పాశ్చాత్య కళ వాస్తవాన్ని చూపిస్తుంది అని మనం నోట్సులో ఒక్క వాక్యంలో రాసేసుకుంటాం. సగం నిజమే. కానీ కామసూత్రానికి యశోధరుడు రాసిన జయమంగళ వ్యాఖ్యలోని చిత్రకళ షడంగాలను గుర్తు చేసుకోండి: రూపభేదం, ప్రమాణం, భావం, లావణ్య యోజన, సాదృశ్యం, వర్ణికాభంగం. అయిదోది సాదృశ్యం, అంటే పోలిక. ఆరింటిలో అదొకటి. అదొక్కటే చాలదు, అలాగని దాన్ని తీసేయనూ లేదు.

మథుర దగ్గర దొరికిన తలలేని కనిష్కుడి విగ్రహం, తిరుమల ఆలయంలో తిరుమలదేవి, చిన్నాదేవిలతో నిలబడిన శ్రీకృష్ణదేవరాయల లోహ విగ్రహం, ఇవన్నీ ఫలానా మనిషిని గుర్తుంచుకోవడానికి చేసినవే.

నాకు అన్నిటికన్నా బలంగా తగిలింది భాసుడి ప్రతిమా నాటకం. మేనమామ ఇంటి నుంచి తిరిగొస్తున్న భరతుడు దారిలో ఒక ప్రతిమా గృహంలోకి వెళతాడు. అక్కడి శిల్పాల పనితనాన్ని మెచ్చుకుంటాడు. అవి చనిపోయిన ఇక్ష్వాకు రాజుల ప్రతిమలని తెలుస్తుంది. వాటిలో తండ్రి దశరథుడి ప్రతిమ ఉంది. తండ్రి ఇక లేడన్న వార్త భరతుడికి ఆ విగ్రహం దగ్గరే తెలిసింది. ఒక పోలిక మనిషిని ఎంతగా కదిలించగలదో మన నాటకకర్తకు ఏనాడో తెలుసు.

జలంగి ఒడ్డున మట్టి మనుషులు

ఇప్పుడు బెంగాల్‌కు వెళదాం. నదియా జిల్లాలో కృష్ణనగర్ పట్టణం, దాన్ని ఆనుకుని జలంగి నది ఒడ్డున ఘూర్ణి. 18వ శతాబ్దంలో నదియా రాజు కృష్ణచంద్రుడు కుమ్మరి కుటుంబాలను ఆదరించి ఇక్కడ నిలబెట్టాడని అంటారు. ఈ కుంభకార కుటుంబాల ఇంటిపేరు చాలావరకు పాల్.

దేవతా విగ్రహాలు చేసిన చేతులే 19వ శతాబ్దంలో మనుషులను చేయడం మొదలుపెట్టాయి. నీళ్లు మోసేవాడు, వడ్రంగి, నేతగాడు, పూజారి, వంటవాడు. కొన్ని జానెడు బొమ్మలు, కొన్ని నిలువెత్తు మనుషులు. మట్టితో ఒంటిని తీర్చి, ఆరబెట్టి, చర్మం రంగు వేసి, నిజమైన గుడ్డ కట్టి, నిజమైన వెంట్రుకలు అతికించేవారు.

కలకత్తా వ్యాపారులు తమ నిలువెత్తు మట్టి ప్రతిమలను అమెరికా వర్తక మిత్రులకు బహుమతిగా పంపిన కాలం అది. రాజేంద్ర దత్తా, దుర్గాప్రసాద్ ఘోష్ వంటి వారి ప్రతిమలు నేటికీ మసాచుసెట్స్ రాష్ట్రం సేలంలోని పీబాడీ ఎసెక్స్ మ్యూజియంలో ఉన్నాయి. 1851 లండన్ మహా ప్రదర్శనలో కృష్ణనగర్ బొమ్మలు కనిపించాయి. 1883 డిసెంబరులో మొదలైన కలకత్తా అంతర్జాతీయ ప్రదర్శన నాటికి జదునాథ్ పాల్ వంటి శిల్పుల పేర్లు బాగా తెలిసినవే. త్రైలోక్యనాథ్ ముఖర్జీ 1888 గ్లాస్గో ప్రదర్శన కోసం రాసిన గ్రంథంలోనూ ఈ బొమ్మల ప్రస్తావన ఉంది. ఆ గ్రంథం పేరు గమనించండి: ఆర్ట్ మాన్యుఫాక్చర్స్ ఆఫ్ ఇండియా. అటు పూర్తిగా కళా కాదు, ఇటు పూర్తిగా సరుకూ కాదు. అసలు చిక్కంతా ఆ పేరులోనే ఉంది.

అదే గుడ్డ, అదే జుట్టు, వేరే గతి

కలకత్తా ప్రదర్శనకు రెండేళ్ల ముందు, 1881లో, పారిస్‌లో ఇంప్రెషనిస్టుల ప్రదర్శన జరిగింది. ఎడ్గార్ డెగా అక్కడ పద్నాలుగేళ్ల నర్తకి బొమ్మను పెట్టాడు. ఒళ్లు మైనం, జుట్టు నిజమైనది, పావడా నిజమైన గుడ్డ, జడకు నిజమైన రిబ్బను. గాజు పెట్టెలో ఉంచాడు. చాలామంది విమర్శకులు మండిపడ్డారు. ఇది శిల్పం కాదు, శాస్త్ర మ్యూజియంలో పెట్టాల్సిన నమూనా అన్న ధోరణిలో రాశారు.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. పద్ధతి దాదాపు ఒకటే, కాలం ఒకటే, వచ్చిన అభ్యంతరం కూడా ఒకటే. కానీ డెగా బొమ్మ విషయంలో ఆ తీర్పు మారింది. ఆ మైనపు బొమ్మ ఈనాడు వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉంది, ఆధునిక శిల్పకళకు అదొక మలుపు అని పుస్తకాలు చెబుతాయి. పాల్ కుటుంబాల బొమ్మలు మాత్రం వలస పాలకుల ప్రదర్శనల్లో "భారతదేశపు జాతులు, వృత్తులు" చూపించే నమూనాలుగా మిగిలాయి. చూసేవాడు బొమ్మలోని కులాన్ని, వృత్తిని చూశాడు, చేసిన చేతిని చూడలేదు. పారిస్‌లో కళాకారుడిదే పని అని చర్చ నడిచింది. ఇక్కడ ఆ చర్చే మొదలవలేదు.

రెంటికీ చెడ్డ రేవడి

ఎందుకిలా జరిగింది? నాకు రెండు కారణాలు కనిపిస్తున్నాయి. మెయిన్స్‌లో రాసేటప్పుడు రెండూ రాయండి.

మొదటిది వలస పాలకుల వర్గీకరణ. మద్రాసులో 1850లో, కలకత్తాలో 1854లో, బొంబాయిలో 1857లో కళా పాఠశాలలు మొదలయ్యాయి. కలకత్తా పాఠశాల తొలి పేరులోనే పారిశ్రామిక కళ అని ఉంది. లలిత కళ ఐరోపాది, హస్తకళ భారతీయులది అన్న విభజన చాలామంది అధికారుల మనసులో స్థిరపడింది. బొంబాయి జె.జె. పాఠశాలలో చదువుతున్న గణపత్‌రావు మ్హాత్రే 1896లో, గుడికి వెళ్తున్న యువతి శిల్పాన్ని ప్లాస్టర్‌తో వాస్తవిక శైలిలో చేశాడు. అందరూ అతన్ని శిల్పి అన్నారు, మెచ్చుకున్నారు. ఆ మెప్పు న్యాయమైనదే. కానీ పాఠశాల గడప దాటినవాడు శిల్పి, తండ్రి దగ్గర నేర్చుకున్నవాడు బొమ్మలు చేసేవాడు.

రెండోది, మనం తక్కువగా చెప్పుకునేది: జాతీయవాదుల అభిరుచి. 1896లో కలకత్తా కళా పాఠశాలకు వచ్చిన ఇ.బి. హావెల్, ఆయన తోడ్పాటుతో ఎదిగిన అవనీంద్రనాథ్ టాగోర్ భారతీయ కళకు గౌరవం తెచ్చారు. 1910లో జార్జ్ బర్డ్‌వుడ్ భారతదేశంలో లలిత కళ లేదన్న ధోరణిలో మాట్లాడితే, ఆ వివాదం నుంచే లండన్‌లో ఇండియా సొసైటీ పుట్టింది. ఆ పోరాటం అవసరమైనదే. అయితే ఆ పోరాటంలో భారతీయ కళ అంటే ఆధ్యాత్మికం, అంతర్దృష్టి అన్న నిర్వచనం గట్టిపడింది. వాస్తవికత పరాయి అనుకరణగా ముద్రపడింది. రవివర్మ చిత్రాలకే ఆ దెబ్బ తగిలింది. ఇక కృష్ణనగర్ బొమ్మలను పట్టించుకునేదెవరు? దొరలకు అవి సరుకు, జాతీయవాదులకు అవి నకలు.

ఆ కుటుంబాలు ఊరుకోలేదు. కృష్ణనగర్ నుంచి వచ్చిన గోపేశ్వర్ పాల్ 1924లో లండన్ వెంబ్లీ ప్రదర్శనలో తన నైపుణ్యం చూపి, తర్వాత కలకత్తా కుమార్‌టులిలో స్టూడియో నడిపాడు. దుర్గా ప్రతిమల్లోకి వాస్తవిక శైలి రావడంలో ఆయన పాత్ర పెద్దది.

మరి రూమ్మేట్ మాటలో నిజమెంత?

వాడి వాదనను తేలిగ్గా తీసేయకూడదు. మనిషి ముఖాన్ని త్రీడీ స్కానర్‌తో స్కాన్ చేసి అచ్చు తీయవచ్చు. అందులో మిల్లీమీటరు తేడా రాకపోవచ్చు. ఇంజనీరుగా దాన్ని నేను కొలత అంటాను, కళ అనలేను. ఈ అనుమానం పాతదే. 1877లో రోడాన్ కంచు యువకుడిని ప్రదర్శిస్తే, బతికున్న మనిషి మీదే అచ్చు తీశాడని నింద వేశారు. అది ఆయన్ను ఎంతగా బాధించిందంటే, నిరూపించుకోవడానికి ఫొటోలు చూపించాల్సి వచ్చింది.

కానీ అమెరికన్ శిల్పి డ్యూయేన్ హాన్సన్‌ను చూడండి. ఆయన నిజంగానే మనుషుల మీద అచ్చు తీసి, రెజిన్‌తో బొమ్మలు పోసి, నిజమైన బట్టలు తొడిగాడు. ఆయన ఎంచుకున్నది వీరులను కాదు, బండి నిండా సరుకులు తోసుకెళ్లే ఆవిడను, అలసిపోయిన పనివాళ్లను. రాన్ మ్యూక్ 1996-97లో చనిపోయిన తన తండ్రి నగ్న దేహాన్ని సిలికాన్‌తో చేశాడు. ఒంటి మీది వెంట్రుకలతో సహా అన్నీ నిజమే, పరిమాణం ఒక్కటే అబద్ధం: అసలు మనిషిలో మూడింట రెండు వంతులే. ఆ తగ్గింపులోనే మరణం ఉంది. నాన్న చిన్నవాడైపోయాడు. భరతుడు నిలబడిన చోటే మనమూ నిలబడతాం.

అంటే కొలత సరిపోవడం కాదు, ఏం ఎంచుకున్నారన్నదే ప్రశ్న. ఎవరిని చేశారు, ఏ క్షణంలో పట్టుకున్నారు, ఏది ఉంచారు, ఏది వదిలారు. పోలిక కళకు శత్రువు కాదు, అలాగని హామీ కూడా కాదు. శాంతినికేతన్‌లో రామ్‌కింకర్ బైజ్ 1938లో సిమెంటు, కంకరతో చేసిన సంతాల్ కుటుంబంలో చర్మపు ముడతలు కనిపించవు, నడక మాత్రం కనిపిస్తుంది. మంచి కృష్ణనగర్ బొమ్మలో ముడతల మధ్య ఆ మనిషి అలసట కనిపిస్తుంది. రెండూ కళే. పర్యాటకుడి కోసం వందల్లో పోసిన బొమ్మ ఏ శైలిలో ఉన్నా సరుకే.

మనకెందుకు?

రేపు మనలో కొందరం ఫైళ్ల మీద సంతకాలు పెడతాం. ఎవరికి కళాకారుల పింఛను, ఎవరికి చేతివృత్తుల పథకం, ఏ బొమ్మ కింద ఎవరి పేరు రాయాలి అన్నవి ఆ ఫైళ్లలోనే ఉంటాయి. ఒక గడిలో పెట్టిన టిక్ మార్కు ఒక కుటుంబం పేరును నూరేళ్లు మింగేయగలదని ఈ చరిత్ర చెబుతోంది. పరీక్షలో గడులు అవసరమే. వాటిని ఎవరు గీశారో కూడా గుర్తుంచుకుందాం.

ఆ ప్రదర్శనశాలకు నేను మళ్లీ వెళ్లాను. తాత అక్కడే ఉన్నాడు. ఈసారి ఆయన్ని జరగమనలేదు. ఆయన్ని చేసినవారి పేరు కోసం ముందూ వెనకా వెతికాను. కనబడలేదు.

సాధన ప్రశ్న: "లలిత కళ, హస్తకళ అన్న విభజన సౌందర్య సూత్రం కన్నా చారిత్రక నిర్మాణమే ఎక్కువ." 19వ శతాబ్దపు బెంగాల్ ఉదాహరణతో 250 పదాల్లో చర్చించండి. రాసి, పక్కవారి చేత దిద్దించుకోండి.