పొద్దు ముందే కుంకే ఊళ్లో ఒక పాట

2025 ఆగస్టు 1, శ్రావణ శుక్రవారం. సాయంత్రం ఆరు దాటింది. హైదరాబాద్‌లో ఇంకా ఎండ ఉండే వేళ. ఇక్కడ పోర్ట్ బ్లెయిర్‌లోని డైరీ ఫార్మ్ పేటలో అప్పుడే దీపాలు పెట్టేశారు. అండమాన్‌లోనూ గడియారం ఢిల్లీ లెక్కే, పొద్దు మాత్రం గంట ముందే కుంకుతుంది.

పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురంగా మారి ఏడాది కావస్తోంది. టీ బడ్డీ దగ్గర మాత్రం ఇంకా పాత పేరే పలుకుతోంది. రేకు మీద చినుకులు పడుతున్నాయి. మీ ఎడమ పక్క బెంగాలీ, కుడి పక్క తమిళం, టీ పోసేవాడితో అందరూ హిందీ. గ్లాసు అందుకుని రెండిళ్లు దాటి లోపలికి నడవండి. పసుపు రాసిన గడప కనిపిస్తుంది. అక్కడ తెలుగు వినిపిస్తుంది, అదీ శ్రీకాకుళం తెలుగు.

అరుగు మీద కాళ్లకు పసుపుతో మామ్మ. పక్కన ఫోనుతో కాలేజీ మనవడు.

"మామ్మా, మన తెలుగు పాటకి నేషనల్ అవార్డొచ్చింది!"

71వ జాతీయ చలనచిత్ర పురస్కారాలు ఢిల్లీలో ఇప్పుడే ప్రకటించారు. ఉత్తమ గీత రచయిత కాసర్ల శ్యామ్, 'బలగం'లోని 'ఊరు పల్లెటూరు' పాటకు. ఉత్తమ గాయకుడు పి.వి.ఎన్.ఎస్. రోహిత్, 'బేబీ'లోని 'ప్రేమిస్తున్నా' పాటకు. ఒకే రోజు తెలుగు మాటకూ తెలుగు గొంతుకూ రజత కమలాలు. కుర్రాడు పేర్లు గబగబా చదివేస్తాడు. మామ్మ మొదటి పేరు దగ్గరే ఆగిపోయింది.

"ఊరి మీద పాటకా? ఏదీ, పెట్టు."

పాట మొదలవుతుంది. భీమ్స్ సిసిరోలియో బాణీ, రామ్ మిరియాల, మంగ్లీ గొంతులు. చెన్నై నుంచి సముద్రం అడుగున 2,300 కిలోమీటర్లు పరచిన కేబుల్ దయ వల్ల ఎక్కడా తెగకుండా వస్తోంది. ఆ కేబుల్ 2020 ఆగస్టు 10న మొదలైంది. అంతకు ముందు ఉపగ్రహమే దిక్కు. ఒక్క పాట దిగాలంటే రాత్రంతా కాచుకోవాలి. విశాఖ నుంచి ఓడలో వచ్చే చుట్టాల జేబుల్లో మెమరీ కార్డులుండేవి. కొత్త సినిమా పాటలు జీడిపప్పుతో, ఎండుచేపలతో కలిసి ఓడ దిగేవి.

2023 మార్చి 13 ఉదయం కీరవాణి, చంద్రబోస్ 'నాటు నాటు'కు ఆస్కార్ అందుకున్నప్పుడు ఈ వాకిట్లో పిల్లలు గంతులేశారట. ఇవాళ ఎవరూ గంతులేయడం లేదు. కూర్చుని వింటున్నారు.

"మన ఊరి పాటేనేటిరా?"

"కాదు మామ్మా, తెలంగాణ పాట."

"ఏ ఊరైతే ఏటి. ఇంకోసారి పెట్టు."

ఆమె ఉద్దానం దగ్గర పుట్టింది. పెళ్లయి ఓడెక్కి వచ్చింది. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో నూటికి పదమూడు మందికి పైగా తెలుగు మాట్లాడేవాళ్లే. చాలా ఇళ్లలో కథ ఇలాంటిదే: ఊరు పెద్దవాళ్లకు జ్ఞాపకం, పిల్లలకు వినికిడి. వాళ్ల బజారు, స్నేహం ఎక్కువగా హిందీలోనే. అందుకే ఇవాళ్టి పురస్కారం మాటలకు వచ్చిందంటే నా గుండె నిండింది. బాణీ ఏ భాష పిల్లాడికైనా అందుతుంది. పల్లె మాట అందాలంటే ఆ మాట ఎరిగినవాళ్లు పక్కన ఉండాలి.

రెండోసారి పాట అయిపోయింది. మామ్మ ఆగలేదు. జీడితోటలు, కొబ్బరి నీడ, కోతలయ్యాక కళ్లంలో పడుకోవడం, ఒకదాని వెనక ఒకటి చెబుతోంది.

"కళ్లం అంటే ఏటి మామ్మా?"

ఆమె తడి అరుగు మీద వేలితో గుండ్రంగా గీస్తుంది. మధ్యలో గుంజ, చుట్టూ తిరిగే ఎడ్లు, అంచున గడ్డిమేటు. మనవడు ఫోను పక్కన పెట్టి వంగి చూస్తున్నాడు. చూరు నుంచి జారిన చినుకు గీతను చెరిపేస్తే, ఆమె మళ్లీ గీస్తోంది.