ప్రాతశకటముల ప్రామాణ్యము

నకరికల్లు మొదలగు పల్నాటి గ్రామములవారికి కోటప్పకొండ శివరాత్రి తిరునాళ్ల ప్రభలు సుపరిచితములు. వెదుళ్లు మారుచుండును, గుడ్డలు మారుచుండును. ప్రభ మాత్రము మా యూరి ప్రభయే యని జనులందురు. పూరీ జగన్నాథుని రథములు ఏటేట నూతనముగా నిర్మింపబడుచున్నను వానిని కృత్రిమములని యెవ్వరును శంకింపరు. శంక పుట్టుట విక్రయమువలన. వేలముపాటలో ప్రాతబండిని కొనువాడు ఇనుమునకు గాక పేరునకు వెల యిచ్చును. ఆ పేరు ఆ యినుమునకు చెల్లునా యని యడుగుటకు వానికి హక్కు కలదు.

ఈ ప్రశ్న 1990వ సంవత్సరమున ఇంగ్లండు హైకోర్టున విచారణకు వచ్చెను. అచ్చటిది వేలము గాదు, ఒడంబడికమీది విక్రయము. వెల ఇంచుమించు కోటి పౌనులు. వస్తువు 'ఓల్డు నంబరు వన్' అను బెంట్లీ కారు. ఫ్రాన్సుదేశమున లెమాన్‌లో జరుగు ఇరువదినాలుగు గంటల పందెమును 1929, 1930 సంవత్సరములలో వరుసగా గెలిచిన ఖ్యాతి దానిది. 1932లో బ్రూక్లాండ్సు పందెమున క్లైవ్ డన్ఫీ దానిని నడపుచునే మృతినొందెను. పిమ్మట అది బాటలపై తిరుగు మూతబండిగా మార్పబడెను.

ఇది ఆ కారు కాదని కొనువారు వాదించిరి. విచారణయందు తేలిన సంగతి వారికి అనుకూలముగనే కనబడును: 1929 నాటి కారులో కాలనిర్ణయమునకు లొంగని చిల్లర బిగింపులు తప్ప వేరేమియు మిగులలేదు, 1930 నాటివి గేరుపెట్టె తొడుగు, పెడలు ఇరుసు, స్టీరింగు కంబము మాత్రమే. అయినను న్యాయమూర్తి ఆటన్ అమ్మినవాని పక్షముననే తీర్పు చెప్పెను. మూలద్రవ్యము నిలిచియుండుట వేరు, ప్రామాణికమగుట వేరు అని ఆయన భేదము చూపెను. ఈ కారు ఎన్నడును అంతరించి మరల పుట్టింపబడినది కాదు; ఒక భాగము పోగా నొకటి చేరుచు, చరిత్ర మాత్రము తెగక సాగినది.

మిళిందపఞ్హయందు నాగసేనుడు యవనరాజును, ఇరుసు రథమా, చక్రములు రథమా యని యడిగిన ఘట్టము ఇచ్చట స్మరణకు రాక మానదు. కాని ఆ భిక్షువు వాదము ఏ రథమునకైనను చెల్లును. కొనువాని ప్రశ్న 'ఇది రథమా' యని కాదు, 'ఇది ఆ రథమా' యని. దీనికి సమాధానము అంగములలో లేదు, లెక్కపత్రములలో నున్నది. ఆటన్ తీర్పునకు బలమును అదియే, బలహీనతయు అదియే.

2007లో పారిసున క్రిస్టీసువారు ఆటో యూనియన్ డి-టైపు పందెపుకారును వేలమునకు పెట్టి, దాని పందెపుచరిత్రపై సందేహములు పుట్టగా వేలము నిలిపివేసిరి. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఆ కార్లు రష్యావారిచే కొనిపోబడెను. ఈ కారు తరువాత తునకలుగా సేకరింపబడి మరల కూర్పబడినది. బెంట్లీకి లోహము పోయి చరిత్ర మిగిలెను. దీనికి లోహము దొరకినది గాని, ఏ పందెమున పరుగెత్తినది ఇదియేనో తెలుపు లెక్క తెగిపోయెను.